నెలకో వడ్లగింజ

జనవరి 2, మంగళవారం

పొద్దున్న మిల్లు గుమస్తా నరసింగరావు బాబు ఇంటికి వచ్చి ఈ డైరీ ఇచ్చి వెళ్ళారు. ఆయన రోజూ నెల్లిమర్ల స్టేషన్ నుంచి మిల్లుకు మా అబ్బాయి కూర్మయ్య జట్కాలోనే వెళ్ళేవారు. కొత్త సంవత్సరానికి డైరీ ఇస్తానని వాడితో అన్నారట. "వాడు లేడని తెలుసమ్మా. కానీ ఇస్తానన్నాను కదా, నా దగ్గర ఉంచుకోబుద్ధి కాలేదు" అన్నారు. గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్ళిపోయారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను.

వాడు ఐదు చదివాడు. నేను మూడు. డైరీతో వాడికేం పనో నాకు తెలియదు, అడగడానికి వాడు లేడు. మొదటి పేజీలో పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. కూర్మయ్య అని రాశాను. వాడి పేరు నా చేత్తో రాయడం ఇదే మొదలు. ర్మ వంకరపోయింది.

ఏం రాయాలి? గవ్వ సంగతి రాస్తాను. గవ్వ మా ఆడగుర్రం. నుదుటి మీద గవ్వంత తెల్ల మచ్చ. ఆ పేరు వాడు పెట్టిందే.

జనవరి 3

గవ్వ ఇవాళ కూడా ముందు కుడికాలు నేలకు ఆనించలేదు.

జనవరి 7, ఆదివారం

గిట్ట ముందువైపు నిలువునా పగిలింది. చాకుతో గీసినట్టు నేల దగ్గర మొదలై పైకి పోయింది. పైన వెంట్రుకలు మొదలయ్యే చోటికి ఇంకా కొంచెమే ఉంది. నేల దగ్గర పగులు నోరు తెరుచుకుని ఉంటుంది. చెయ్యి పెడితే గిట్ట వేడిగా ఉంది.

వానల్లో నాని మెత్తబడిన గిట్ట, తరవాత రాళ్ళ రోడ్డు మీద పరిగెత్తితే ఇలా అవుతుందట. దానంతట అదే వచ్చింది. ఎవరూ చేసింది కాదు.

జనవరి 11, గురువారం

మా ఆయన ఇప్పుడు మిల్లు గోదాంలో నార కట్టలు మోస్తున్నారు. బండి కట్టి రెండు నెలలు దాటింది. పాక వైపు వెళ్ళరు. గడ్డి, నీళ్ళు, ఉలవలు అన్నీ నేనే. ఇవాళ అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నారు.

"గుర్రాన్ని ఏజెన్సీ సంతలోల్లకి ఇచ్చేద్దుం. సరుకు మోయించుకుంటారు."

"కొండల మీదకి కుంటి గుర్రాన్నేటి మావా?"

"మూడు కాల్లతో ఎంత దూరమెల్తే అంత దూరం. దాని కాలు బాగుంటే ఆడు బండి కట్టుకొని వంతెన మీంచి ఎల్లేవోడు. ఏరు దిగేవోడు కాడు."

ఆ మాట నిజమే. గవ్వ కాలు చూపించడానికి ఏటవతల ఉండే ఎల్లాజీ తాతను తీసుకొద్దామని వాడు బయల్దేరాడు. గుర్రాలకు లాడాలు కొట్టడంలో ఆయనంతటివాడు ఈ చుట్టుపక్కల లేడు. కుంటుతున్న గుర్రానికి బండి ఎలా కడతామని వాడు నడిచి వెళ్ళాడు. అడ్డదారి అని రేవులో దిగాడు. పైన ఎక్కడో వాన పడింది. చంపావతి ఏరు అలా పొంగి వస్తుందని ఎవరికీ తెలియలేదు. దీపావళికి ఐదు రోజుల ముందు. ఇంతే రాయగలను.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే అన్నాను. "ఏడాది సూతకం ఎల్లేదాకా ఆగు మావా. ఆడి గుర్రం అది. ఆడి మైలలో ఆడి సొత్తు ఇల్లు దాటకూడదు."

"ఎవులు సెప్పినారు?"

"మా అమ్మ సెప్పేది."

మా అమ్మ అలాంటిదేదీ చెప్పలేదు. నోటికి వచ్చింది, అనేశాను. ఆయన, "అయితే ఏడాది దాకానే. కాలొస్తే ఉంటాది, రాకపోతే ఎల్తాది" అన్నారు.

జనవరి 15

ఎల్లాజీ తాతకు నరసింగరావు బాబు చేత కబురు పెట్టాను. వాడు చెయ్యబోయిన పనే చేశాను. అంతే.

జనవరి 21, ఆదివారం

తాత వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. రాజావారి కోటలో గుర్రాలున్న రోజుల్లో అక్కడ లాడాలు కొట్టాడట. వంతెన మీదుగా చుట్టు తిరిగి నడిచి వచ్చాడు. భుజాన సంచి. గుమ్మం ముందు ఆగిపోయి, నన్ను చూడకుండా నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"మీ గుంటడు నాకోసరమే వస్తన్నాడని మూడో రోజున తెలిసినాదమ్మా. అప్పుడే రావలిసింది. మొకం సెల్లక రానేదు."

"గుర్రం పాకలో ఉన్నాది తాతా" అన్నాను.

ఉప్పు వేసి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చాను. గవ్వ ఎవరినీ కాలు పట్టుకోనివ్వదు, వాడిని తప్ప. తాత దాని మెడ దగ్గర నిలబడి చాలాసేపు ఊరికే ఏదో గొణిగాడు. తరవాత కాలెత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు, చంటిపిల్లకు కాలు కడిగినట్టు కడిగాడు. వంకర కత్తితో పగులు వెంట కొంచెం కొంచెంగా గీస్తూ పోయాడు. లోపలనుంచి ఎర్రటి అద్దంపెంకులా ఒక ముక్క ఊడి పడింది. వెనకాలే నల్లగా చీము. వాసన.

ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గుగ్గిలం! ఎవులు పెట్టినారిది? లోపల మట్టీ పేడా ఉండగానే పైన మూతేసేసినారు. మరి కుల్లిపోదేటి?"

మా ఆయన ఎప్పుడొచ్చారో దడి అవతల నిలబడి ఉన్నారు. పాక వైపు ఆయన చూడడం అదే మొదలు.

"మా ఓడే పెట్టుంటాడు" అన్నారు. "ఆడికి దాని మీదే పేణం. ఏదో ఒకటి సేసేవోడు."

"తెలీక సేసినాడు పాపం" అన్నాడు తాత.

నేను నీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నాను. నేను మాట్లాడలేదు.

చీమంతా పిండాడు. పగులు కింద గిట్ట అంచును ఆకురాయితో అరగదీశాడు, అడుగు వేసినా ఆ చోటు నేలకు తగలకుండా. తరవాత కుంపట్లో ఇనపకడ్డీ ఎర్రగా కాల్చి పగులు పై కొసన అడ్డంగా ఒక గీత పెట్టాడు. పొగ లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"గోరుకి నొప్పేటమ్మా, కల్లిప్పు. ఇది గట్టు. పగులు ఇక్కణ్ణించి పైకి ఎక్కనేదు."

"అతుకుతాదా తాతా?"

"అతకదు. గిట్ట పగులు ఏనాడూ అతకదు. పైనించి కొత్తది దిగాల. పాతది కిందకి పోవాల. అరిగింది అరిగినట్టు కోసీసుకుంటూ రావాల. మన సేతిలో ఉన్నదేటంటే, పొడిగా ఉంచడం, ఆగడం."

"ఎన్నాల్లు?"

చేటలో వడ్లున్నాయి. ఒక గింజ తీసి గిట్ట మీద నిలువునా పెట్టి చూపించాడు. "నెలకి ఇంత. వెంట్రుకల్నించి గీతదాకా ఇయ్యాల రెండు గింజలున్నాది. గీత నేలదాకా రావాలంటే ఇంకో ఎనిమిది."

వేళ్ళ మీద లెక్క పెట్టాను. సెప్టెంబరు.

వెళ్తూ వెళ్తూ నా పాదాలకేసి చూశాడు. "నీ మడమలు కూడా సూసుకో తల్లీ. నెత్తురొస్తన్నాది."

జనవరి 22

నేను మాట్లాడలేదు.

ఫిబ్రవరి 1

పది రోజులు ఉప్పునీళ్ళతో కడిగాను. చీము ఆగింది. ఇప్పుడు పగుల్లో బండి ఇరుసుకు రాసే, తారులాంటి నల్లటి కీలు రాయమన్నాడు తాత. పైన వెంట్రుకల దగ్గర ఆముదం వేలితో రుద్దాలి.

మొదటి రోజు గవ్వ నన్ను కాలు ఎత్తనివ్వలేదు. రెండో రోజు వాడి ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని వెళ్ళాను. నా భుజం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. తరవాత తనే కాలెత్తింది. చొక్కా ఉతకను.

ఫిబ్రవరి 21

వెంట్రుకల్నుంచి గీతదాకా మూడు గింజలు. మూడోది కొంచెం కురచ గింజ వేశానేమో. మళ్ళీ మంచి గింజ ఏరి కొలిచాను. మూడే.

ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

మార్చి 10, ఆదివారం

తాత నెలకోసారి వస్తున్నాడు. నడిచే వస్తాడు, నడిచే వెళ్తాడు. ఇవాళ కూర్మయ్య మాట ఎత్తాడు. గుర్రాన్ని ఎలా తోలేవాడని అడిగాడు.

చెప్పాను. వాడు కమ్చీ ఎత్తేవాడు కాదు. పగ్గం పట్టుకుని, "ఎల్దుమా గవ్వా?" అని అడిగేవాడు. అడిగితేనే అది కదిలేది. అదిలిస్తే కదలదు. స్టేషన్ దగ్గర మిగతా జట్కావాళ్ళు, "ఇప్పుడు గుర్రాన్నడిగి బండి తోల్తన్నాడు, రేపు పెల్లాన్నడిగి తుమ్ముతాడు" అని నవ్వేవారు. "మరి అడక్కుండా తుమ్మితే జలుబు దానిక్కూడా అంటుకోదేటి?" అనేవాడు వీడు.

తాత పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక చూసుకుంటే దడి అవతల మా ఆయన. ఆయన నవ్వలేదు. వెళ్ళిపోనూ లేదు.

మార్చి 29, శుక్రవారం

ఉగాది. మాకు లేదు. గవ్వకు ఉలవల్లో చిన్న బెల్లం ముక్క వేశాను. దానికి సూతకమేమిటి?

ఏప్రిల్ 21

ఐదు గింజలు.

మే 14, మంగళవారం

ఎండలు. గిట్ట బిగుసుకుపోయి, కింద పగులు మళ్ళీ విచ్చుకుంది. వేలు దూరేంత. గీతకు పైన కూడా సన్నటి చార కనిపించినట్టు అనిపించింది. మూడుసార్లు తుడిచి చూశాను. ఒకసారి ఉంది, ఒకసారి లేదు.

పక్కింటి జగ్గమ్మ దడి మీంచి తొంగి చూసింది. "ఒలమ్మా, నెర్రిచ్చినాది సూడు. ఊరికే సూస్తా కూకుంటావేటి? మన మడమలకి ఏస్తామే, ఆ గుగ్గిలం కాసి పోసీ. బేగి మూసుకుంటాది. నువ్వు ఊఁ అను, నా కాడున్నాది, తెస్తాను."

వద్దనాలి. తెమ్మన్నాను.

పొయ్యి మీద నువ్వుల నూనె వేడెక్కింది. గుగ్గిలం పొడి వేశాను. కరిగింది. అదే వాసన వచ్చింది. దించి, పెరట్లో మట్టిలో కుమ్మరించేశాను. గిన్నె కూడా పారేశాను. జగ్గమ్మ గిన్నె అది.

ఇక రాస్తాను. జనవరిలో దానంతట అదే వచ్చిందని రాశాను. పగులు దానంతట అదే వచ్చింది. గుగ్గిలం దానంతట అది రాలేదు.

చలి మొదలయ్యే ముందే వాడు ఏటా నా మడమలకు గుగ్గిలం మలాం కాచి పెట్టేవాడు. పోయిన ఏడు కూడా కాచాడు. వాడు బండి విప్పి నిద్రపోతున్న మధ్యాహ్నం గవ్వ గిట్ట చూశాను. పగులు గోరంత. నా మడమలకు నయం చేసింది దీనికి చెయ్యదా అనుకున్నాను. వాడికి ఒక పని తగ్గిద్దామనుకున్నాను. మలాం మళ్ళీ వేడిచేసి, కాలు ఎత్తకుండానే పైనుంచి పగుల్లో పోశాను. నున్నగా, ఎంత బాగా మూసుకుపోయిందో. నాలుగు రోజులకు గవ్వ కుంటడం మొదలుపెట్టింది.

వాడు గిట్ట పట్టుకుని చూశాడు. "అమా, పగులు మూసుకుపోనాదే. అయినా కుంటతాదేటి?"

ఏమో అన్నాను.

తిడతాడని కాదు. వాడు నన్ను ఎన్నడూ ఒక మాట అనలేదు. ఎందుకన్నానో తెలియదు. నిజం చెప్పి ఉంటే ఆ మూత వాడే ఊడగొట్టేవాడు. ఎల్లాజీ తాత కోసం వెళ్ళే పని ఉండేది కాదు. మర్నాడు పొద్దున్న చద్దన్నం తిని వెళ్ళాడు.

ఏమో అన్నాను. ఒక్క మాట.

మే 15

తాతకు కబురు పెడితే వచ్చి చూశాడు. గీత పైన ఏమీ లేదట. "నీ కంట్లో ఉన్నాది సార" అన్నాడు. కింద విచ్చుకున్న చోట ఇంకొంచెం అరగదీశాడు. ఎండలు తగ్గేదాకా రోజూ కాసేపు తడి గోనె చుట్టమన్నాడు.

జగ్గమ్మకు వేరే గిన్నె ఇచ్చాను. "నా గిన్నె సొట్టలేనిది" అని సణిగింది.

జూన్ 21

ఏడు గింజలు. గవ్వ ఇవాళ నాలుగు కాళ్ళ మీద నిలబడి నిద్రపోయింది. చూస్తూ కూర్చున్నాను. వంట ఆలస్యమైంది.

జులై 9, మంగళవారం

వానలు. పాకలో నీరు చేరుతుందని భయపడి చీపురుతో తోస్తున్నాను. మిల్లు నుంచి వచ్చి మా ఆయన చూశారు. బట్టలైనా మార్చుకోకుండా గవ్వ నిలబడే చోట రాళ్ళు పరిచి, తట్టలతో ఇసక తెచ్చి పోశారు. పన్నెండు తట్టలు. గవ్వ ఆయన వీపు మీద ముక్కు రాసింది. ఆయన నడుం వంచుకునే ఉండిపోయారు, కాసేపు.

ఏటిలో నీళ్ళు బాగా వచ్చాయని అంటున్నారు. నేను వెళ్ళి చూడలేదు.

జులై 28, ఆదివారం

ఆముదం ఆయనే రుద్దుతున్నారు. "ఆడు గుగ్గిలం పోసినాడు గానీ, మంచి మనసుతోనే పోసినాడు" అన్నారు, గవ్వతో అంటున్నట్టు. "ఎర్రి గుంటడు. నాకు సెప్పకూడదేటి?"

ఆయన వాడిని క్షమిస్తున్నారు. వాడు చెయ్యని దానికి.

నేను మాట్లాడలేదు.

ఆగస్టు 21

తొమ్మిది. గీత నేలకు దగ్గరైంది. పైనుంచి దిగిన గిట్ట కొత్త కొబ్బరి చిప్పలా నల్లగా నున్నగా ఉంది. అందులో ఎక్కడా ఏమీ లేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

తాత వచ్చాడు. కత్తి పెట్టి గిట్ట అంచు చుట్టూ కోశాడు. కాల్చిన గీత, పగులు మిగులు, అన్నీ ఒక్క వంకర ముక్కగా ఊడి ఇసకలో పడ్డాయి. చంద్రవంకలా. ముక్క లోపలి వైపు ఇంకా ఎర్రటి మరక ఉంది.

"అయిపోనాది" అన్నాడు తాత. "ఏదీ, లాడం ఇలగివ్వండి."

మా ఆయన కొత్త లాడం పట్టుకుని నిలబడ్డారు. ముక్క తీసి చూసి, "ఇదే కదా ఆడు పోసింది" అన్నారు. దాన్ని జేబులో పెట్టుకోబోయారు. దాచుకుందామని.

అప్పుడు ఇక కుదరలేదు.

"ఆడు కాదు మావా. నానే పోసినాను. నా మడమలకి కాసిన మలాం. ఆడికి తెలీదు. ఏల కుంటతాదని అడిగితే ఏమో అన్నాను."

తాత చేతిలో సుత్తి ఆగింది. గవ్వ కాలు ఆయన తొడ మీద అలాగే ఉంది.

మా ఆయన లాడం తాత పక్కన పెట్టారు. ముక్క ఇసకలో వదిలేశారు. బయటికి వెళ్ళిపోయారు.

తాత ఒక్కొక్క చీలా కొట్టాడు. అంతా అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కాలిన గిట్ట వాసన వేసింది.

సెప్టెంబరు 23

మాట్లాడలేదు ఆయన.

సెప్టెంబరు 24

పెట్టింది తిన్నారు. మాట్లాడలేదు.

సెప్టెంబరు 30

గవ్వను రోజూ సాయంత్రం ఇసక దారిలో నడిపిస్తున్నారు. దానితో మాట్లాడుతున్నారు. నేను కనిపిస్తే ఆపేస్తారు. కుంటడం లేదు. ఏడాదికి ఇంక పదహారు రోజులు. కాలొస్తే ఉంటుందన్నారు. కాలొచ్చింది. నా సంగతే తెలియదు.

అక్టోబరు 5

ఆ ముక్క ఇసకలో వెతికాను. లేదు.

అక్టోబరు 11

మా ఆయన బండి ఇరుసుకు కీలు రాశారు. వాడి ఖాకీ చొక్కా పాకలో కొక్కేనికి ఉంటే దులిపి మళ్ళీ అక్కడే తగిలించారు. దాని జేబులో గట్టిగా ఏదో తగిలింది నాకు, తరవాత ముట్టుకుంటే. తీసి చూడలేదు. వంకరగా ఉంది. చంద్రవంకలా.

అక్టోబరు 15, మంగళవారం

రేపు వాడి సంవత్సరీకం.

పొద్దున్న బియ్యం ఏరుతున్నాను. ఆయన వచ్చి నిలబడ్డారు.

"ఎల్లాజీ తాతని బోజనానికి పిలిసినావా?"

ఇరవై మూడు రోజుల తరవాత మొదటి మాట. చేట చేతిలో ఆగిపోయింది. "కబురెట్టినాను."

"కబురేటి? ముసిలోడు మల్లీ అంత దూరం నడిసొస్తాడేటి? బండి కడతన్నాను. ఈ రాత్రికి మనింట్లోనే ఉంటాడు." వెళ్ళబోయి ఆగారు. "నువ్వు కూడా రా."

వాడు తీసుకొద్దామని వెళ్ళిన మనిషిని తీసుకురావడానికి. ఆ మాట ఇద్దరం అనలేదు.

నొగల మధ్య గవ్వ నిలబడింది. ఏడాది అయినా తన చోటు మరిచిపోలేదు. నేను వెనక ఎక్కి కూర్చున్నాను. ఆయన ముందు కూర్చుని పగ్గం విదిలించారు. గవ్వ కదలలేదు. నాలుక చప్పుడు చేశారు. చెవులు ఒక్కసారి వెనక్కి తిప్పింది, అంతే. కమ్చీ తీశారు, చూశారు, మళ్ళీ పెట్టేశారు. జగ్గమ్మ దడి దగ్గరకు వచ్చి, "ఏటి, కాలింకా రానేదా?" అని కేకేసింది.

ఏం కావాలో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ మాట ఈ ఇంట్లో వాడి నోటి నుంచి తప్ప ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆయన మెడ వెనక నరం కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. రెండుసార్లు నోరు తెరిచి మూశారు. గవ్వ ఓపిగ్గా నిలబడింది.

అప్పుడాయన దాని వైపు కాకుండా వెనక్కి తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకేసి చూసి అడిగారు.

"ఎల్దుమా?"

నేను నోరు తెరిచేలోగానే గవ్వ కదిలింది.